అత్తయ్య గారి ఒంటిపూట బడి, అమెరికా కిండర్‌గార్టెన్

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా పాపకు మే నెలలో ఐదేళ్ళు నిండుతాయి, సెప్టెంబరులో కిండర్‌గార్టెన్‌లో (ఫస్ట్ గ్రేడ్‌కి ముందు తరగతి) వెయ్యాలి. మా స్కూల్ డిస్ట్రిక్టులో ఇప్పటికీ హాఫ్ డేనే, రెండు ముప్పావు గంటలు. పొద్దుటి బ్యాచో మధ్యాహ్నం బ్యాచో బడివాళ్ళే చెబుతారట. మా వారూ నేనూ ఇద్దరం ఉద్యోగస్థులం, నాది హెచ్-4 ఈఏడీ (మా వారి వీసా మీద వచ్చిన పని అనుమతి). పాప రెండో ఏటి నుంచీ డేకేర్‌లో ఉంది. ఆగస్టులో వచ్చి ఆరు నెలలు ఉండబోతున్న మా అత్తయ్య గారు, "ఐదేళ్ళ పిల్లను రోజంతా బడిలో కూర్చోబెట్టేస్తారా? ఒంటిపూట చాలు, రెండో పూట నేను చూసుకుంటా" అంటున్నారు. మా వారేమో ప్రైవేటు స్కూల్లో ఫుల్ డే కిండర్‌గార్టెన్‌కి పంపేద్దాం అంటారు. ఈలోగా మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఒక పిటిషన్ తిరుగుతోంది. డిస్ట్రిక్టులన్నీ ఫుల్ డే పెట్టాలని రాష్ట్ర చట్టం ఇచ్చిన గడువు దాకా ఆగకుండా వీలైనంత త్వరగా అందరికీ ఫుల్ డే పెట్టమని. సంతకం పెడితే అత్తయ్య గారి మాట కాదన్నట్టవుతుందని ఒక భయం. మనకు ఓటు కూడా లేదు, ఎందుకొచ్చిన గొడవ అని మా వారు. అసలు ఐదేళ్ళ పిల్లకు ఏది మంచిది?

పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "పాప రెండో ఏటి నుంచీ డేకేర్‌లో ఉంది" అన్నారు. ఎన్నింటికి దింపి ఎన్నింటికి తెచ్చుకుంటారో రాయలేదు గానీ, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు కాబట్టి ఎనిమిదిన్నర నుంచి ఐదున్నర అనుకుంటాను. అంటే మూడేళ్ళుగా ఆ పిల్ల రోజుకు తొమ్మిది గంటలు ఇంటి బయటే గడుపుతోంది. మీ ఇంట్లో వాదన రెండు ముప్పావు గంటల బడా, ఆరున్నర గంటల బడా అని నడుస్తోంది. పాప వైపు నుంచి చూస్తే అత్తయ్య గారు ఉన్నన్నాళ్ళు తప్ప ఆ తొమ్మిది గంటలూ ఎలాగూ తప్పవు. హాఫ్ డే అయితే అవి ముక్కలవుతాయి. పొద్దున డేకేర్, మధ్యలో బడి, మళ్ళీ డేకేర్, నడుమ రెండు బస్సులు. డేకేర్, బస్సు, బడి, ఇలా మూడు చోట్ల ముగ్గురు పెద్దవాళ్ళు, మూడు రకాల రూల్సు. ఒకచోట బూట్లు విప్పాలి, ఇంకోచోట విప్పకూడదు.

ఈ ముక్కల సంగతి నేను దగ్గర నుంచి చూశాను. పదకొండేళ్ళు ఒక పబ్లిక్ స్కూల్లో, అంటే సర్కారు బడిలో, కిండర్‌గార్టెన్ గదిలో టీచరు పక్కన ఎయిడ్‌గా పనిచేశాను. అందులో మొదటి ఐదేళ్ళు హాఫ్ డే, తర్వాత అదే గదిలో ఫుల్ డే. కాబట్టి నాకు ఒక పక్షం ఉంది, దాచను. అయితే ఆ పక్షం ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని జనవరి నెలలో ఆ గదిలోకి తీసుకెళ్ళాలి.

పొద్దున తొమ్మిదింటికి ఇరవై మంది వస్తారు. కోటు, స్నో ప్యాంటు, బూట్లు, టోపీ, రెండు గ్లోవ్స్. అందులో ఒకటి ఎప్పుడూ పోతుంది. ఇవన్నీ విప్పి కొక్కేలకు తగిలించి, ఇంటి నుంచి తెచ్చిన ఫోల్డరు బుట్టలో పడేసి, చాప మీదకి వచ్చి కూర్చునేసరికి పావుగంట దాటిపోతుంది. పాట, క్యాలెండరు, వాతావరణం. ఆపైన అక్షరాలు. స్నాక్ పది నిమిషాలు అంటారు గానీ, చీజ్ స్టిక్ కవరు విప్పలేని వాళ్ళు ఎనిమిది మంది ఉంటారు. తర్వాత లెక్కలు. బ్లాకుల మూలలో ఇద్దరు పిల్లలు ఒక వంతెన కడుతుంటారు. అది రెండుసార్లు కూలుతుంది, మూడోసారి నిలబడుతుంది, దాని మీదకి కారు ఎక్కించబోతుండగా టీచరు గంట కొడుతుంది. పదకొండుంబావు. మళ్ళీ స్నో ప్యాంట్లు. ఒకడు రెండు కాళ్ళూ ఒకే దాంట్లో దూర్చేసి పడిపోతాడు. వాళ్ళను బస్సెక్కించి వచ్చి, వంతెన తీసేసి, టేబుళ్ళు తుడిచి, టీచరు నిలబడే ఒక శాండ్‌విచ్ తినేలోపు రెండో ఇరవై మంది తలుపు దగ్గర ఉంటారు. అదే పాట, అదే క్యాలెండరు. ఒక టీచరు, నలభై మంది పిల్లలు, నలభై మంది తల్లిదండ్రులు. ఏ పిల్లకు ఏది రావడం లేదో నవంబరు దాకా ఆవిడకే సరిగ్గా తెలిసేది కాదు. మంచి టీచరే. ఒక్కోసారి పొద్దుటి పిల్ల పేరుతో మధ్యాహ్నం పిల్లను పిలిచేది.

ఫుల్ డే వచ్చాక మారింది ముఖ్యంగా ఆ వంతెన. మధ్యాహ్నం వచ్చి చూసేసరికి అలాగే ఉంది. పిల్లలకు అది నమ్మశక్యం కాలేదు.

అత్తయ్య గారి మాట తీసిపారేసేది కాదు. "ఒంటిపూట బడి" అనగానే ఆవిడ మనసులో మెదిలేది మార్చి ఎండలు, మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని చాప మీద పడుకునే పిల్లలు, ఇంటి నిండా మనుషులు. ఆ రెండో పూట ఎంత విలువైనదో మనకూ తెలుసు. ఆరు నెలలు నానమ్మ పక్కన కూర్చుని తెలుగులో కబుర్లు చెప్పుకుంటే పాపకు వచ్చేది ఏ కిండర్‌గార్టెనూ ఇవ్వలేదు. కానీ ఆవిడ ఆగస్టులో వస్తే, విజిటర్ వీసా మీద మహా అయితే ఫిబ్రవరి దాకా ఉంటారు. బడి జూన్ మూడో వారం దాకా ఉంటుంది. ఆవిడ విమానం ఎక్కిన మర్నాడు మధ్యాహ్నం బస్సు దగ్గర ఎవరు నిలబడతారు? చాలా చోట్ల కిండర్‌గార్టెన్ పిల్లను తీసుకోవడానికి పెద్దవాళ్ళు లేకపోతే డ్రైవరు దించడు, వెనక్కి బడికే తీసుకుపోతాడు. నడి ఏడాదిలో, చలికాలంలో, డేకేర్‌లో మధ్యాహ్నం సీటు దొరకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే ఆవిడతో "మీరు చెప్పింది తప్పు" అనకండి. "ఫిబ్రవరి తర్వాత ఎలా అత్తయ్యా?" అని అడగండి. ఆవిడే ఆలోచిస్తారు. ఈ ప్రశ్న మీ వారు అడిగితే ఇంకా మేలు, వాళ్ళమ్మ కదా.

ఇక ఈ హాఫ్ డే ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. ఐదేళ్ళ పిల్లలకు అంతకంటే ఎక్కువ బడి మంచిది కాదని ఎవరో పరిశోధించి పెట్టిన పద్ధతి అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. కిండర్‌గార్టెన్ జర్మనీలో 1837లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ మొదలుపెట్టింది. అమెరికాలో పబ్లిక్ స్కూల్లో అది స్థిరపడింది 1873లో, మిస్సోరి రాష్ట్రం సెయింట్ లూయిస్‌లో సూసన్ బ్లో అనే ఆవిడ చొరవతో. ఆ రోజుల్లో చాలామంది టీచర్లు పొద్దున పాఠం చెప్పి, మధ్యాహ్నం పిల్లల ఇళ్ళకు వెళ్ళి తల్లులతో మాట్లాడేవాళ్ళు. అది వాళ్ళ పనిలో భాగం. తర్వాత బడులు జిల్లా యంత్రాంగాల చేతికి వచ్చాక, మధ్యాహ్నం ఇళ్ళకు వెళ్ళే టీచరు చేత రెండో బ్యాచ్‌కి పాఠం చెప్పిస్తే ఖర్చు కలిసొస్తుంది కదా అని తట్టింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో టీచర్లు చాలక, యుద్ధం అయ్యాక పుట్టిన పిల్లల వరదకు గదులు చాలక, రెండు బ్యాచ్‌ల పద్ధతి పాతుకుపోయింది. గదుల కొరత వల్ల వచ్చిన ఏర్పాటు కాలం గడిచేసరికి పిల్లల మనస్తత్వ శాస్త్రంలా కనబడటం మొదలైంది. అప్పట్లో తల్లులు ఇంట్లో ఉండేవాళ్ళు కాబట్టి చెల్లిపోయింది కూడా. 1977లో అమెరికాలో కిండర్‌గార్టెన్ పిల్లల్లో నూటికి 28 మందే ఫుల్ డేలో ఉండేవాళ్ళు. 2013 నాటికి 77 మంది. మీ డిస్ట్రిక్టు వెనకబడిన కొద్దిమందిలో ఉంది.

మీ రాష్ట్రంలో ఇంకో విడ్డూరం ఉంది. పేద ఊళ్ళ బడుల గురించి నడిచిన అబ్బాట్ కేసులో 1998లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో నూవర్క్, క్యామ్డెన్, ప్యాటర్సన్ లాంటి పేద పట్టణాల్లో ఫుల్ డే కిండర్‌గార్టెన్ అప్పటి నుంచే తప్పనిసరి. హాఫ్ డే మిగిలిపోయింది చాలావరకు మంచి స్కూళ్ళని పేరున్న, ఇళ్ళ ధరలు మండిపోయే సబర్బుల్లో. మనవాళ్ళు రేటింగ్ చూసి ఎగబడి ఇల్లు కొనేది అక్కడే. కిండర్‌గార్టెన్ ఎంతసేపో ఇల్లు కొనేముందు అడిగినవాళ్ళను నేను ఒక్కరినీ చూడలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. 2025 జులైలో అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ సంతకం చేసిన చట్టం ప్రకారం 2029-30 విద్యా సంవత్సరానికల్లా న్యూజెర్సీలో ప్రతి పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్టూ ఉచితంగా ఫుల్ డే కిండర్‌గార్టెన్ నడపాలి. ఇక్కడ మీ ఇంట్లో, మీ వాట్సాప్ గ్రూపులో కూడా, రెండు వేర్వేరు విషయాలు కలగాపులగం అవుతున్నాయని నాకనిపిస్తోంది. ఈ చట్టం తప్పనిసరి చేసేది డిస్ట్రిక్టుకి. వాళ్ళు ఆ అవకాశం ఇచ్చి తీరాలి. పిల్లను పంపి తీరాలని కాదు. న్యూజెర్సీలో పిల్లలు బడికి తప్పకుండా వెళ్ళాల్సిన వయసు ఆరేళ్ళ నుంచి మొదలవుతుంది, అంటే కిండర్‌గార్టెన్‌కి పంపకపోయినా అడిగే హక్కు ఎవరికీ లేదు. పంపి తీరాలనడం వేరే గొడవ. కాలిఫోర్నియాలో 2022లో అలాంటి బిల్లు గవర్నర్ గావిన్ న్యూసమ్ దాకా వెళ్ళింది. ఏడాదికి 26.8 కోట్ల డాలర్ల దాకా ఖర్చు అవుతుందని ఆయన వీటో చేశారు. ఇల్లినాయ్ మాత్రం మీలాగే డిస్ట్రిక్టుల మీద బాధ్యత పెట్టింది. 2023 చట్టం, 2027-28 గడువు. కొలరాడోలో 2019 దాకా చాలాచోట్ల రెండో పూటకు తల్లిదండ్రులే నెలనెలా ఫీజు కట్టేవాళ్ళు. ఆ ఏడాది రాష్ట్రం డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది. న్యూ హ్యాంప్‌షైర్ అయితే 2017లో కీనో అనే లాటరీ ఆటను అనుమతించి, ఆ ఆదాయం చూపించి ఫుల్ డే పిల్లకు తలా 1,100 డాలర్లు అదనంగా ఇస్తామంది. బార్‌లో పెద్దలు నంబర్లు ఎంచుకుంటే పిల్లలకు రెండో పూట బడి. అమెరికాలో పిల్లల చదువుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే ఒక్కోసారి నవ్వాలో ఏడవాలో తెలియదు.

మీ పాప లెక్క కూడా చూద్దాం. ఈ సెప్టెంబరులో చేరితే 2029-30 వచ్చేసరికి థర్డ్ గ్రేడ్‌లో ఉంటుంది. చట్టం పాపకు అందదు. కాబట్టి ఇంటి నిర్ణయం ఒకటి, పిటిషన్ ఇంకొకటి. రెండూ ముడిపెట్టుకోకండి.

"అసలు ఏది మంచిది" అన్నారు. పరిశోధనలు చెప్పేది కొంత తీపి, కొంత చేదు. 2010లో హారిస్ కూపర్ అనే ఆచార్యుడి బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పోగేసి చూసింది. కిండర్‌గార్టెన్ ఏడాది చివర్లో ఫుల్ డే పిల్లలు చదువులో స్పష్టంగా ముందున్నారు, ఆత్మవిశ్వాసం, తోటివాళ్ళతో కలిసి ఆడుకోవడం కూడా మెరుగ్గా ఉన్నాయి. కానీ థర్డ్ గ్రేడ్ వచ్చేసరికి చదువులో ఆ తేడా దాదాపు కరిగిపోయింది. పైగా ఫుల్ డే పిల్లలకు బడి మీద ఇష్టం కాస్త తక్కువగా, అల్లరి కాస్త ఎక్కువగా కనబడింది. తర్వాత కొలరాడోలో ఒక డిస్ట్రిక్టులో కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది, అంటే నాలుగేళ్ళ పిల్లల ప్రీకే తరగతికి, ఫుల్ డే సీట్లు చాలక లాటరీ వేశారు. లాటరీ కాబట్టి తెలివైన పిల్లలే ఫుల్ డేకి వెళ్ళారని అనుమానించడానికి వీల్లేదు. అక్కడ ఫుల్ డే వచ్చిన పిల్లలకు ఏడాది చివరికి మాటల సంపద బాగా పెరిగింది. ఎక్కువ లాభం ఇంట్లో పుస్తకాలు, మంచి డేకేర్ లేని పిల్లలకు వస్తుందని నా అనుభవం.

మీ పాప ఆ కోవలోకి రాదు. ముందే చెబుతున్నాను, రెండో పూట పబ్లిక్ స్కూల్లో గడపనంత మాత్రాన మీ పాప వెనకబడిపోదు. పక్కింటి పిల్ల రీడింగ్ లెవెల్ చూసి కంగారుపడకండి. మీరు చూసుకోవాల్సింది రెండో పూటలో ఏం జరుగుతుందన్నది. ఫుల్ డే పేరుతో ఆరు గంటలూ వర్క్‌షీట్లు దిద్దించే గది కంటే మంచి హాఫ్ డే నయం. అలాంటి గదుల్లో పిల్లలకు బడి మీద ఇష్టం తగ్గిందంటే నేను ఆశ్చర్యపోను. మా దగ్గర ఫుల్ డే వచ్చిన మొదటి ఏడాది మేమూ ఆ తప్పు చేశాం. దొరికిన గంటల్లో ఫస్ట్ గ్రేడ్ పాఠం దూర్చాం. అక్టోబరులో ఒక పిల్లవాడు మధ్యాహ్నం రెండింటికి టేబుల్ కింద దూరి బయటికి రానన్నాడు. మర్నాడు ఇంకొకడు వాడికి తోడు వెళ్ళాడు. క్రిస్మస్ సెలవుల తర్వాత టీచరు మధ్యాహ్నం వర్క్‌షీట్లు ఎత్తేసి, భోజనం కాగానే లైట్లు ఆర్పి ఇరవై నిమిషాలు కథ వినిపించడం, ఆ తర్వాత గంట సేపు ఆటల మూలలు తెరవడం మొదలుపెట్టింది. టేబుల్ కింద మళ్ళీ ఎవరూ దూరలేదు.

అందుకని మీ వారు చూసిన ప్రైవేటు స్కూలుకి వెళ్ళినప్పుడు బ్రోషరు పక్కన పెట్టి, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఆ గది తలుపులోంచి చూడనివ్వమని అడగండి. పొద్దున ఏ స్కూలైనా అందంగానే ఉంటుంది. ఒంటిగంటన్నరకి పిల్లలు ఏం చేస్తున్నారు, బయట ఎంతసేపు ఆడిస్తారు, నిద్ర ముంచుకొస్తే పడుకోనిస్తారా, టీచరు సర్టిఫైడా, గదికి ఎంతమంది. ఇంతే చాలు. అక్కడ కిండర్‌గార్టెన్ అయ్యాక పబ్లిక్ స్కూల్లో ఫస్ట్ గ్రేడ్‌లోకి నేరుగా తీసుకుంటారా, పరీక్ష ఏమైనా పెడతారా అని మీ డిస్ట్రిక్టు ఆఫీసులో కూడా ఇప్పుడే కనుక్కోండి, జూన్‌లో కాదు.

డబ్బు దగ్గర ఒక మెలిక ఉంది, మీ వారికి తప్పకుండా చెప్పండి. కిండర్‌గార్టెన్ ఫీజు ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దృష్టిలో చదువు ఖర్చు, పిల్ల సంరక్షణ ఖర్చు కాదు. అంటే ప్రైవేటు కిండర్‌గార్టెన్ ట్యూషన్‌ని మీ ఆఫీసు ఇచ్చే డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏలో (పిల్లల సంరక్షణకు పన్ను పడకముందే జీతంలోంచి పక్కన పెట్టే ఖాతా) గానీ, చైల్డ్ కేర్ ట్యాక్స్ క్రెడిట్‌లో గానీ చూపించడం కుదరదు. అదే బడికి ముందో తర్వాతో డేకేర్‌లో ఉంచినందుకు కట్టేది మాత్రం చూపించవచ్చు. ఎఫ్ఎస్ఏ పరిమితి 2025 దాకా 5,000 డాలర్లు, 2026 నుంచి 7,500 అయింది. క్రెడిట్‌కైతే ఒక బిడ్డకు 3,000 డాలర్ల ఖర్చు వరకే లెక్క, ఒకే ఖర్చును రెండు చోట్లా చూపకూడదు. ఇంకోటి, ఈ రెండింటికీ భార్యాభర్తలిద్దరికీ సంపాదన ఉండాలి. మీ ఈఏడీ రెన్యువల్ ఆలస్యమై మధ్యలో ఉద్యోగం ఆగితే ఆ లెక్క దెబ్బ తింటుంది. కాబట్టి నవంబరులో ఎఫ్ఎస్ఏ అంకె వేసేటప్పుడు కార్డు గడువు తేదీ ఒకసారి చూసుకోండి. పబ్లిక్ హాఫ్ డే, దానికి తోడు డేకేర్ అనే దారికి ఇది కలిసొస్తుంది. మొత్తం ప్రైవేటు దారికి కలిసిరాదు. మీ ప్రస్తుత డేకేర్ వాళ్ళను మీ డిస్ట్రిక్టు పిల్లలకు బస్సు ఏర్పాటు ఉందా అని అడగండి. హాఫ్ డే ఉన్న ఊళ్ళలో చాలా డేకేర్లు ర్యాప్ అరౌండ్ పేరుతో ఈ పనే చేస్తుంటాయి. రసీదు మీద సంరక్షణ అని ఉండాలి, కిండర్‌గార్టెన్ ట్యూషన్ అని కాదు.

నన్ను ఒక్కటి తేల్చమంటే, ఇప్పటి డేకేర్‌లోనే ర్యాప్ అరౌండ్ ఉంటే అదే ఎంచుకోమంటాను. పిల్లకు తెలిసిన గది, తెలిసిన మనుషులు. కనీసం ఒక ముక్క పాతదే అవుతుంది. అత్తయ్య గారు ఉన్న ఆరు నెలలూ వారానికి రెండు మధ్యాహ్నాలు నానమ్మ దగ్గర, మూడు డేకేర్‌లో ఉంచండి. సీటు పోదు, ఆవిడ కోరికా తీరుతుంది, ఫిబ్రవరిలో పిల్లకు ఒక్కసారిగా లోకం మారదు. రోజూ చూసుకోవడం ఆవిడకీ తేలిక కాదు. చలికాలం, కొత్త ఊరు, కారు నడపలేని పరిస్థితి, ఐదేళ్ళ పిల్ల. ఆవిడ పైకి అనరు గానీ నవంబరుకల్లా ఆ మూడు మధ్యాహ్నాలకు సంతోషిస్తారు. పొద్దుటి బ్యాచ్ కావాలంటే రిజిస్ట్రేషన్ ఫారంతోపాటు డేకేర్ బస్సు సమయాలు చూపిస్తూ ఒక ఉత్తరం జతచేయండి. హామీ లేదు, కానీ అడిగినవాళ్ళ కాగితం విడిగా పెట్టడం నేను చూశాను.

ఇక పిటిషన్. పెట్టండి సంతకం. మీ పాపకు ఉపయోగపడదు కాబట్టే ఇంకా నిశ్చింతగా పెట్టండి. హాఫ్ డే ఉన్న ఊళ్ళో జరిగేది ఇదీ: డబ్బున్నవాళ్ళు రెండో పూట కొనుక్కుంటారు. మీరూ ఇప్పుడు అదే చేయబోతున్నారు. కొనలేని ఇంట్లో తల్లి రాత్రి షిఫ్టు చేస్తుంది, లేదా పని మానేస్తుంది, లేదా పెద్దమ్మాయిని తొందరగా ఇంటికి రమ్మంటుంది. మా గదిలో మధ్యాహ్నం బ్యాచ్‌లో ఒక పాప ఉండేది, పొద్దున అంతా వాళ్ళమ్మ పనిచేసే లాండ్రీలో కూర్చుని వచ్చేది. దాని బ్యాక్‌ప్యాక్ ఎప్పుడూ సబ్బు వాసన వేసేది. అక్షరాలు రావడం లేదని అందరికంటే ముందు బెంగపడింది కూడా ఆ పిల్ల గురించే.

అయితే డిస్ట్రిక్టు వాళ్ళు చెప్పే ఇబ్బందులన్నీ సాకులు కావు. రెండు బ్యాచ్‌లు ఒక్కటైతే గదులు రెట్టింపు కావాలి, టీచర్లు రెట్టింపు కావాలి, మధ్యాహ్న భోజనానికి కెఫెటేరియాలో చోటు కావాలి. న్యూజెర్సీలో ఆస్తి పన్ను వసూళ్ళ పెంపు మీద ఏడాదికి 2 శాతం పరిమితి ఉంది. గదులు కట్టాలంటే బాండు పెట్టి, అంటే అప్పు తేవడానికి, జనాన్ని ఓటు అడగాలి. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయిన ఇళ్ళవాళ్ళు ఆ ఓటు ఎందుకు వేయాలి అనుకుంటారు. "వచ్చే ఏడే పెట్టండి" అని అరిచే పిటిషన్ కంటే, ఏ స్కూల్లో ఎన్ని గదులు ఖాళీ, మొదట కొన్ని స్కూళ్ళలో మొదలుపెట్టగలరా, ఏ ఏడాది ఏం చేస్తారో రాసిన ప్లాను ఎప్పుడు చూపిస్తారు అని అడిగే పిటిషన్‌కి డిస్ట్రిక్టును నడిపే స్కూల్ బోర్డు సమాధానం చెప్పక తప్పదు. గ్రూపులో ఆ కాగితం రాస్తున్నవాళ్ళకు వీలైతే ఈ మాట అందించండి.

ఓటు లేదన్నారు మీ వారు. బోర్డు ఎన్నికల్లో లేదు, నిజమే. మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు. న్యూజెర్సీలో స్కూల్ బోర్డు ప్రతి మీటింగులో జనం మాట్లాడటానికి కొంత సమయం ఇవ్వాలని ఓపెన్ పబ్లిక్ మీటింగ్స్ చట్టమే చెబుతోంది. వీసా ఏదని మైకు దగ్గర ఎవరూ అడగరు. ఊరు, పేరు చెప్పమంటారు, సాధారణంగా మూడు నిమిషాలు ఇస్తారు. మీరు అద్దెకున్నా ఆ అద్దెలో ఇంటి ఓనరు ఆస్తి పన్ను కూడా ఉంటుంది. బడ్జెట్ మాటలు మార్చి, ఏప్రిల్ నెలల్లో నడుస్తాయి కాబట్టి అప్పుడు వెళ్ళడమే మేలు. గణాంకాలు ఏకరువు పెట్టకండి, అవి వాళ్ళ దగ్గర చాలా ఉంటాయి. మీ పాప రోజు చెప్పండి. ఎన్నింటికి ఎక్కడ, ఎవరితో, ఎన్ని బస్సులు. నేను కూర్చున్న మీటింగుల్లో బోర్డువాళ్ళు ఫోన్ల మీంచి తలెత్తింది అలాంటి మాటలకే.

అత్తయ్య గారిని కూడా ఒక మీటింగుకి తీసుకెళ్ళండి, ఆవిడకు కాలక్షేపంగా ఉంటుంది. పిటిషన్‌ మీద సంతకం ఆవిడ మాట కాదనడమని మీరే అనుకుంటున్నారు. ఆవిడకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. డిస్ట్రిక్టు ఫుల్ డే పెట్టినా ఎవరినీ లాక్కెళ్ళరని, ఐదేళ్ళకు పంపడం పంపకపోవడం ఇంటివాళ్ళ ఇష్టమని చెబితే ఆవిడ అభ్యంతరం సగానికి సగం పోతుంది.

ఇంకొక్కటి, ఇది ఫుల్ డేకైనా హాఫ్ డేకైనా పనికొస్తుంది. పాపకు ఏబీసీడీలు, వందదాకా అంకెలు ఎలాగూ వచ్చే ఉంటాయి, మనవాళ్ళు అవి ముందే నేర్పేస్తారు. ఈ వేసవిలో కోటు జిప్పు తనే వేసుకోవడం, లంచ్ బాక్సు మూత తనే తీసుకోవడం, బాత్రూమ్‌కి వెళ్ళాలని ఇంగ్లీషులో గట్టిగా చెప్పడం నేర్పండి. జిప్పుకి రెండు వారాలు పడుతుంది. కింది కొస పిన్నులో సరిగ్గా దూరేదాకా మీరు చెయ్యి పెట్టకండి, ఎంత ఆలస్యమైనా సరే.